తగల్లేదని చెప్పిన సాయంత్రం

గురి తప్పిందని అనంతరెడ్డి గారు చెప్పగా దేవ్‌సింగ్ ఎన్నడూ వినలేదు. అందుకే ఆ సాయంత్రం వేములపల్లి దగ్గర కాలువ కట్ట మీదికి, చేతిలో సొట్టలు పడిన కిరసనాయిలు డబ్బాతో పరుగెత్తుకుంటూ వచ్చి, "తగల్లేదు" అన్న మాట విని ఒక్క క్షణం నోరు తెరుచుకొని నిలబడ్డాడు. ఆ తరువాత పకపకా నవ్వాడు.

"ఇన్నేండ్లకు సార్ గూడ మాతోటి మనిషయిండు!" అని వెనక వస్తున్న తండా వాళ్లకు అరిచి చెప్పాడు. "ఇగ సాలు, బంద్ జెయ్యుండ్రి మోత! తగల్లేదంట. గీపాటికి పంది మూసీ దాటి ఉంటది."

డబ్బాల మోత ఆగింది. వరి మడి ఆసామి పాపయ్యకు మాత్రం నవ్వు రాలేదు. "ఎట్ల తప్పింది సారూ? మీ ముంగట్నుంచే పాయె గద."

"తప్పింది. అంతే," అన్నారు అనంతరెడ్డి గారు. తుపాకి గొట్టాలను కిందికి వంచి తెరిచి, కాలిన తూటాను బయటికి తీసి కోటు జేబులో వేసుకున్నారు.

"మరి రేపు కోతకు దిగొచ్చునా? ఆడోళ్లకు జెప్పి పెట్టిన."

"నీ పొలం, నీ ఇష్టం."

ఆ మాట అనేటప్పుడు ఆయన పాపయ్య వైపు చూడలేదు. కోటు బొత్తాములు పెట్టుకోవడంలో చాలా శ్రద్ధ చూపించారు.

నిజానికి తగిలింది. పొద్దు వాలుతున్న వేళ, డబ్బాల మోతకు బెదిరి సర్కారు తుమ్మల సందులోంచి పంది బయటికి వచ్చినప్పుడు ఆయనకు కనిపించింది మసకలో కదిలే ఒక నలుపు మాత్రమే. భుజం ఎక్కడో తొడ ఎక్కడో తేల్చుకోకుండానే ఆ నలుపు నడుమకు గురిపెట్టి కుడి గొట్టం పేల్చారు. వెంటనే తడిసిన గోనెసంచిని దుడ్డుకర్రతో కొట్టినట్టు ఒక చప్పుడు వినిపించింది. సగం జీవితం తుపాకితో గడిపిన మనిషికి ఆ చప్పుడు ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. పంది వెనక కాలు ఈడ్చుకుంటూ కట్ట కింది తుమ్మపొదల్లోకి దూరింది. ఆ ఈడ్పు కూడా ఆయన చూశారు.

ఆ తరువాత చేయవలసినదేమిటో ఆయనకు తెలుసు. ఎందరికో నేర్పినవారు ఆయనే. ఒక చుట్ట కాలేంత సేపు ఆగాలి. పిమ్మట నెత్తురు జాడ పట్టుకొని, నడుము వంచి, ముళ్ల కింద పాక్కుంటూ పోయి, బాధపడుతున్న ఆ జీవికి ముగింపు పలకాలి. గాయపడిన పందిని పొదలో వదిలి రావడమంటే మరునాడు ఆ దారిన వచ్చే అమాయకుని మీదికి దానిని ఉసిగొల్పడమే. కానీ ఆయన మోకాళ్లు వంగడం మానేసి రెండేళ్లయింది. కళ్ల సంగతి సరేసరి. ఆ రెండు సంగతులూ ఆయన ఎవరికీ చెప్పలేదు. తగిలిందంటే పొదలోకి పోవాలి. తగల్లేదంటే ఇంటికి పోవచ్చు. ఆయన నాలుక ఇంటిదారి పట్టింది.

అది పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిది, డిసెంబరు నెల. అనంతరెడ్డి గారు నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసి మిర్యాలగూడలో స్థిరపడ్డారు. హైదరాబాదులో ఇంగ్లీషు చదువు చదివి, సాగర్ ఎడమ కాలువ తవ్వకం రోజుల్లో ఈ ప్రాంతానికి వచ్చి, ఇక్కడి మట్టికీ ఇక్కడి వేటకూ అలవాటు పడిన మనిషి. నియమం అంటే ప్రాణం. లైసెన్సు మీద రాసిన షరతులన్నీ ఆయనకు వరుసగా నోటికి వచ్చు. తన తుపాకిని ఇంకొకరి చేత ముట్టనిచ్చేవారు కారు. పందులు పంట పాడుచేస్తున్నాయని రైతులు పెట్టుకున్న అర్జీ మీద అటవీ కార్యాలయం ఇచ్చిన అనుమతి కాగితం మడతపెట్టి చొక్కా జేబులో ఉంటే తప్ప ఆయన ఇల్లు కదిలేవారు కారు. దేవ్‌సింగ్ ఆ కాలువకు లష్కరు. కట్టను కాపాడడం, తూములు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. తవ్వకం నాడు తట్ట మోసిన కుర్రవాడు, ఇప్పుడు మీసాలు నెరిసినవాడు. సార్ వేటకు వస్తే తండా నుంచి మనుషులను పోగుచేసి, డబ్బాలు కొట్టించి, పందిని సార్ ముందుకు తోలించేవాడు. పంది పడిందని సార్ అంటే కత్తి తీసుకొని పోయేవాడు, లేదంటే వెనుదిరిగేవాడు. నిజంగానా అని అడిగినవాడు కాడు.

ఇంట్లో అనసూయమ్మ గారు నూనె సీసా, పాత ధోవతి గుడ్డ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ముందు తుపాకి శుభ్రం కావాలి, తరువాత స్నానం, ఆ తరువాతే భోజనం. ఆ వరుస ఎన్నడూ తప్పలేదు.

"ఉత్త చేతుల్తోనే వచ్చిన్రు?"

"తగల్లేదు."

"మీకా?" ఆమె ఆశ్చర్యంగా ఆయన ముఖంలోకి చూశారు. తరువాత మెత్తగా, "పోనియ్యండి. ఒక పానమన్న బతికింది. మంచిగనే అయింది," అన్నారు.

గొట్టంలోకి దూర్చిన గుడ్డ అక్కడే ఆగిపోయింది. ఆయన దానిని మళ్లీ లాగి, మసి అంటిన ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టారు. ఎడమ గొట్టం శుభ్రంగానే ఉంది, పేల్చనేలేదు. పేల్చి ఉంటే అక్కడికక్కడే పడేదేమో. కానీ రెండవసారి గురిపెట్టేసరికి నలుపూ పొదా ఒకటైపోయాయి. ఆ పూట ఆయన కూరలో ఉప్పెక్కువైందన్నారు. ఉప్పు సరిగానే ఉంది.

వీధి చివర కరెంటు స్తంభం మీద తెల్లరంగుతో రాసిన అంకెలను రోజూ ఉదయం వరండాలో నిలబడి చదవడం ఆయనకు అలవాటు. చూపు బాగుందని తనకు తాను ఇచ్చుకొనే ధ్రువపత్రం అది. కొంతకాలంగా స్తంభమే పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తున్నా ఆయన అంకెలను తప్పు పోకుండా చదువుతూనే ఉన్నారు. నోటికి వచ్చిన దానిని చదవడానికి కళ్లతో పనేముంది?

పడుకున్నాక ఆయనకు గుర్తొచ్చింది పంది కాదు, కోదాడ రైసుమిల్లు వీరభద్రయ్య. చాలా ఏళ్ల కిందట ఒకనాడు ఇద్దరూ మరికొందరితో కలిసి కోదాడ అవతల గుట్టల దగ్గర వేటకు పోయారు. వీరభద్రయ్య ఒక పంది మీద తుపాకి పేల్చి, తగిలింది, పొదలో పడింది, పొద్దు పోయింది కదా రేపు చూద్దామని చెప్పి, బస చేసిన బంగళాకు వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అనంతరెడ్డి గారు అందరూ వినేలా, "గాయపడిన జంతువును వదిలి భోజనానికి వచ్చే మనిషి పక్కన నేను కూర్చోను. మీరు తుపాకి పట్టడానికి అర్హులు కారు," అన్నారు. వీరభద్రయ్య చేయి కడుక్కొని వెళ్లిపోయాడు. నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ సంఘటనను అనంతరెడ్డి గారు కొత్తగా తుపాకి కొన్న ప్రతివాడికీ పాఠంగా చెప్పేవారు.

తెల్లవారకముందే లేచి, తుపాకిని గుడ్డ సంచిలో వేసుకొని మొదటి బస్సు ఎక్కారు. దారి పొడవునా చెప్పవలసిన మాటను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కూర్చుకున్నారు. నిన్న పందికి దెబ్బ తగిలింది, నేను పొరపాటున తగల్లేదని చెప్పాను. పొరపాటున అన్న మాట తీసివేశారు. మళ్లీ చేర్చారు. వేములపల్లి వచ్చేవరకు ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నారు.

పొలం దగ్గర కొడవళ్లు పట్టుకొని ఆడవాళ్లు అప్పటికే గట్టు మీద చేరారు. వాళ్లందరికీ ముందు దేవ్‌సింగ్ భార్య రంగి నిలబడి ఉంది. కొంగు నడుముకు చెక్కి, ఆయన భుజాన తుపాకి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఏంది సారూ, నిన్న పంది తప్పిందని ఇయ్యాల మమ్ముల గొట్టనీకె వచ్చిన్రా?"

గట్టంతా నవ్వు.

"రంగీ, జర సూసి మాట్లాడె!" అని దేవ్‌సింగ్ కసిరాడు. అతనూ నవ్వుతూనే ఉన్నాడు. "ఏమైంది సారూ, గింత పొద్దుగాల?"

"ఆ చివరి మడిలోకి ఎవరూ దిగవద్దు," అన్నారు అనంతరెడ్డి గారు, తుమ్మపొదల పక్కనున్న మడిని చూపిస్తూ.

"ఎందుకు సారూ?" అన్నాడు పాపయ్య. "గాడనే ముందుగాల కొయ్యాలె. గింజ రాలవట్టె."

ఇప్పుడు చెప్పాలి. మాట సిద్ధంగానే ఉంది. కానీ ముఖాలన్నీ ఆయన వైపు తిరిగాయి. నిన్నటి నవ్వు ఇంకా వాటి మీద ఆరలేదు. ఆయన గొంతు సవరించుకొని, ఆఫీసులో హుకుం జారీచేసే స్వరంతో, "కాలువ కట్టకు ఊట పడుతోందని కబురు వచ్చింది. అక్కడ నేల కుంగవచ్చు. ప్రమాదం," అన్నారు.

"నీళ్లే బందాయె గద సారూ," అన్నాడు పాపయ్య. "ఊట యాడికెల్లి వస్తది?"

"తూము దగ్గర నిలవ నీళ్లున్నాయి. ఇంజనీరును నేనా, నువ్వా?"

పాపయ్య తల గోక్కున్నాడు. అయితే ఆ మాట పాపయ్యకు కాదు, దేవ్‌సింగ్‌కు తగిలింది. అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఊటా? నా కట్టకా?" అన్నాడు. గట్టు మీద పడివున్న పార భుజాన వేసుకొని తుమ్మపొదల వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు.

అనంతరెడ్డి గారు దీనిని ఊహించలేదు. ఊహించవలసింది. కట్టకు ఊట అంటే లష్కరుకు ఇంటికి నిప్పంటుకోవడంతో సమానమని చెప్పి ఆ ఉద్యోగంలో అతనిని పెట్టినవారు ఆయనే. అందరినీ ఆ చోటికి దూరంగా ఉంచడానికి ఆడిన అబద్ధం, ఒక్కనిని మాత్రం సూటిగా అక్కడికే పంపింది.

"దేవ్‌సింగ్! ఆగు!"

అతను వెనుదిరగకుండానే చేయి ఎత్తాడు. "గిప్పుడే సూసొస్త సారూ!"

"పోవద్దు! ఊట లేదు! తగిలింది! నిన్న తగిలింది! పంది అందులోనే ఉంది!"

ఒకప్పుడు కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పనివాళ్లను అదిలించిన గొంతు అది. దేవ్‌సింగ్ ఆగాడు. సార్ పిలిచినందుకు ఆగాడు. ఏమన్నారో సరిగా వినడానికి పొదలకు వీపు పెట్టి ఇటు తిరిగాడు. ఆ తిరిగిన క్షణంలోనే ముళ్లు పెళపెళమన్నాయి.

అనంతరెడ్డి గారు తుపాకి భుజానికి ఎత్తారు. సంచిలోంచి ఎప్పుడు తీశారో ఆయనకే తెలియదు. నలుపూ, దేవ్‌సింగ్ తలపాగ ఎరుపూ ఒకే మసకలో కలిసిపోయాయి. ఎక్కడ పేల్చినా ఎవరికి తగులుతుందో తెలియదు. ఆయన తుపాకి దించారు. అంతలో రంగి కొడవలి ఎత్తి కేకలు పెడుతూ పరుగెత్తింది. ఆమె వెనక మిగిలిన ఆడవాళ్లు. పంది మళ్లీ పొదలోకి పోయింది. దేవ్‌సింగ్ ఎడమ పిక్క చీలి, కాలు వంకర తిరిగి, పార పక్కన పడి ఉన్నాడు.

పాపయ్య ట్రాక్టరు మీద మిర్యాలగూడకు తీసుకుపోయారు. అక్కడ కుట్లు వేసి, ఎముక విరిగింది, సూర్యాపేటకు తీసుకుపొమ్మన్నారు. అనంతరెడ్డి గారు కారు మాట్లాడి పంపించారు. మరునాడు ఉదయం తాను బస్సులో పోయారు.

సూర్యాపేట దవాఖానలో దేవ్‌సింగ్ మంచం చుట్టూ తండా వాళ్లు కూర్చొని ఉన్నారు. ఆయనను చూసి అందరూ లేచారు. ఒక ముసలివాడు చేతులు జోడించి, "మీరు పొద్దుగాల్నె ఉరికి రాకుంటె ఆడోళ్లు మడిల దిగుదురు సారూ. ఎంతమంది పానాలు పోవునో," అన్నాడు.

"నేనూ గదే అంటున్న," అన్నాడు దేవ్‌సింగ్. కాలికి పిండికట్టు, ముఖం పాలిపోయి ఉంది. గొంతు మాత్రం ఎప్పటిదే. "నిన్న మొన్నటి సంగతా? సార్‌కు కండ్లు మసకలొచ్చినయ్. నాకెరికనే, ఎన్నడనలే. తగిలింది సార్‌కు కనవడలే. రాత్రంత ఆలోచన జేసి, అనుమానమొచ్చి ఉరికొచ్చిండు. గట్ల ఎవరొస్తరు?"

తలలన్నీ ఊగాయి. అనంతరెడ్డి గారికి కూర్చోమని ఒక స్టూలు తెచ్చి వేశారు. ఆయన కూర్చోలేదు. తన కళ్లు పోయాయన్న మాట నలుగురిలో వినడం ఆయనకు చెంపదెబ్బలా తగలవలసింది. కానీ ఆ మాటలోనే ఒక తలుపు తెరిచి ఉంది. కనపడలేదు అని తలూపితే చాలు. గుడ్డివాడు కావచ్చు కానీ మంచివాడుగా మిగిలిపోవచ్చు.

రంగి మంచం కోడు పట్టుకొని కింద కూర్చొని ఉంది. ఆమె తల ఎత్తలేదు.

"మరి కట్టకు ఊట అని ఎందుకన్నడు?" అంది.

"ఏయ్, ఊకో," అన్నాడు దేవ్‌సింగ్.

"ఊకుంట. అనుమానం పంది మీద ఉంటే పంది అనాలె గద. ఊట ఎందుకన్నడని అడుగుతున్న."

పక్క మంచం రోగి దగ్గుతున్నాడు. అనంతరెడ్డి గారు చేతికర్రను రెండు చేతులా పట్టుకున్నారు.

"కనపడింది," అన్నారు. "కాలు ఈడ్వడం చూశాను. దెబ్బ చప్పుడు విన్నాను. ఆ సాయంత్రమే నాకు తెలుసు. పొదలోకి పోలేక తగల్లేదని చెప్పాను. నిన్న ఉదయం కూడా ఆ మాట చెప్పడానికి నోరు రాక ఊట అన్నాను."

బస్సులో కూర్చుకున్న వాక్యంలోని పొరపాటున అన్న మాట అందులో లేదు.

దేవ్‌సింగ్ ఆయనను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. చివరకు అతను అడిగింది ఒక్కటే.

"పంది దొరికిందా?"

"లేదు. ఇంకా అందులోనే ఉండాలి."

"మరి గీడ ఎందుకు నిలవడ్డరు సారూ?"

దవాఖాన బయటికి వచ్చి ఆయన హైవే పక్కన నిలబడ్డారు. తన కళ్లతో ఆ పొదలోకి పోవడమంటే మరొకరిని బలి ఇవ్వడమే. తుపాకీ, చూపూ రెండూ ఉన్నవాడు ఆయనకు తెలిసి ఈ చుట్టుపక్కల ఒక్కడే. కోదాడ బస్సు వచ్చింది. ఎక్కారు.

వీరభద్రయ్య మిల్లు ముందు కుర్చీ వేసుకొని, ఊక ధూళి మధ్య వడ్ల బస్తాలు దింపిస్తున్నాడు. గేటు దగ్గర అనంతరెడ్డి గారిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏవండీ, దారి తప్పి వచ్చారా?"

"దారి తప్పలేదు. మీ సహాయం కావాలి." నిలబడే, ఏమీ దాచకుండా మొత్తం చెప్పారు. చివరన, "మీరు ఆనాడు చేసిన పనే నేను ఈనాడు చేశాను. మిమ్మల్ని నలుగురిలో అవమానించే అర్హత నాకు లేకపోయింది. క్షమించండి," అన్నారు.

వీరభద్రయ్య కాసేపు ఆయన వైపు వింతగా చూశాడు. తరువాత పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు.

"అదాండీ! ఆ పందికి నా తూటా తోకకి కూడా తగల్లేదండీ!"

"ఏమిటీ?"

"మీరంతా పెద్ద వేటగాళ్లు. నేనేమో కొత్తగా తుపాకి కొన్నవాణ్ణి. తప్పిందంటే నవ్వుతారని తగిలిందని చెప్పేశానండీ. పొదలో ఏముందని వెతకనూ? అందుకే అన్నానికొచ్చి కూర్చున్నా."

"మరి నేను అన్ని మాటలంటున్నప్పుడు నిజం చెప్పలేదేం?"

"చెప్తే నవ్వేవాళ్లు కదండీ. నవ్వు కంటే మీ తిట్లే మర్యాదగా అనిపించాయి." అతను కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు ఎదుటి మనిషి ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఉండండి, జీపు తీయిస్తాను. పొద్దుండగానే పోవాలి."

ఇన్నేళ్లు పాఠంగా చెప్పిన కథలో గాయపడిన పందే లేదు. అసలు పంది తన కథలోనే ఉంది. జీపు హుజూర్‌నగర్ మీదుగా వేములపల్లి చేరింది.

పందిని వెదకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. వీరభద్రయ్య ముందు, పాపయ్య వెనక, అందరికంటే వెనక కర్ర ఊతతో అనంతరెడ్డి గారు. ఆయన తుపాకి ఇంట్లోనే ఉంది. పొదకు ఆ చివర, తూము గోడ నీడలో తడి నేల మీద పంది పక్కకు ఒరిగి పడి ఉంది. చచ్చిపోయింది. వీరభద్రయ్య చేయి వేసి చూసి, "ఇంకా వెచ్చగానే ఉందండీ," అన్నాడు. పొట్ట కింద గాయం, దాని చుట్టూ ఈగలు. దాహానికి కాబోలు, మూతితో తవ్విన బురద. ఆ సాయంత్రం ఆయన కోటు బొత్తాములు పెట్టుకున్న చోటు అక్కడికి కనిపిస్తూనే ఉంది. అంత దగ్గర.

తండా పద్ధతి ప్రకారం దెబ్బ ఎవరిదో తల వారిది. మాంసం మోదుగాకుల మీద పంచిన తరువాత, పాపయ్య తలను ఆకుల్లో చుట్టి జీపు దగ్గరికి తెచ్చాడు. అనంతరెడ్డి గారు దానిని దేవ్‌సింగ్ ఇంటికి ఇవ్వమన్నారు. రంగి ఆ పూటే బట్టల కోసం సూర్యాపేట నుంచి తండాకు వచ్చి ఉంది. కాసేపటికే పాపయ్య ఆ మూట అలాగే తిరిగి తెచ్చాడు.

"తీసుకోలేదా?"

"లేదు సారూ." పాపయ్య నేల చూపులు చూశాడు. "తల కొట్టినోనికి ఇయ్యాలె, మా ఇంట్ల దెబ్బ తిన్నోడే ఉన్నడు, కొట్టినోడు లేడు అన్నది."

ఆయన ఆ మూటను ఒళ్లో పెట్టుకొని ఇంటికి వచ్చారు. అనసూయమ్మ గారు ఏమిటని అడిగితే చెప్పారు. ఆ రాత్రి ఆమెతో తగల్లేదన్నది అబద్ధమని కూడా చెప్పారు. ఆమె ఆ మూటను లోపలికి తీసుకుపోలేదు, పారవేయనూ లేదు. పెరట్లో జామచెట్టు కింద గుంట తీయించి పూడ్పించారు.

మరుసటి ఏడాది ఎన్నికలొచ్చాయి. లైసెన్సుదారులందరితో పాటు ఆయనా తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించారు. ఎన్నికలు అయిపోయాక అందరూ తమ తుపాకులు తిరిగి తెచ్చుకున్నారు. ఆయన పోలేదు. ఇనుము తుప్పు పడుతుందేమో, ఎవరైనా నూనె రాస్తున్నారో లేదో అని కొన్నాళ్లు బెంగపడ్డారు. తరువాత అదీ మానింది.

పంతొమ్మిదివందల తొంభై మూడులో కళ్లకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పి, కొత్త అద్దాలు పెట్టుకొని ఉదయం వరండాలో నిలబడి కరెంటు స్తంభం వైపు చూశారు. అంకెలు ఆయన చదువుతూ వచ్చినవి కావు.

"స్తంభం మార్చి శాన ఏండ్లాయె గద," అన్నారు అనసూయమ్మ గారు. "మీకు తెల్వదా?"

ఆ వారమే వేములపల్లికి పోయారు. దేవ్‌సింగ్ కట్ట మీద ఎడమ కాలు కొంచెం పక్కకు వేస్తూ నడిచి వచ్చాడు. అప్పట్లో దవాఖాన ఖర్చు, జీతం నష్టం ఆయన భరించారు, అతను కాదనలేదు. ఎప్పుడు కలిసినా నమస్తే పెట్టేవాడు, నీళ్ల సంగతి చెప్పేవాడు, పంట సంగతి చెప్పేవాడు. వేట మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"సారూ, కండ్లు మంచిగైనయంట గద?"

"అయినాయి."

"మస్తు కనవడుతున్నదా?"

"చాలా బాగా కనపడుతోంది."

"గా తూము గోడ మీద ఏమున్నదో చెప్పుండ్రి మరి, సూద్దాం," అన్నాడు దేవ్‌సింగ్ సరదాగా.

అనంతరెడ్డి గారు చూశారు. ఎండ ఎక్కువగా ఉంది, గోడ దూరంగా ఉంది. అయినా ఒక్కొక్క ఇటుకా విడిగా కనిపిస్తోంది.

"కొంగ. ఒంటి కాలి మీద నిలబడి ఉంది. ముక్కులో ఏదో పట్టుకుంది."

"నిజంగనా?"

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. చాలా మామూలుగా, ఎవరినైనా అడిగినట్టే అడిగాడు. అడిగి, నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకొని, కళ్లు చికిలించి, తాను తూము వైపు చూడసాగాడు. అతను చూసి, "ఉన్నది సారూ," అనేదాకా అనంతరెడ్డి గారు పక్కనే నిలబడ్డారు.